ఆరు బోల్టులు, రెండు తడి గోనెపట్టలు

ప్రొపెల్లర్‌ను పట్టుకొని విమానాన్ని లాగొద్దు. దాని మీద మోచెయ్యి ఆనించి ఫోటో దిగొద్దు. దానికి టిఫిన్ సంచి తగిలించొద్దు. పద్నాలుగేళ్లు ఒకే షెడ్డులో ఈ మూడు మాటలూ చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. పని మానేసి రెండేళ్లయింది. ఇప్పటికీ ఆ పనిలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా నన్ను చూడ్డానికి వస్తే, వాళ్లు కూర్చోకముందే ఈ మూడూ చెప్పేస్తాను. నవ్వుతారు. "ఫ్యానుకు ఇంత మర్యాదనా అవ్వా?" అంటారు.

అది ఫ్యాను కాదు. పొరలు పొరలుగా చెక్కను అతికించి, మలిచి, వార్నిష్ పూసిన వస్తువు. ఆరు బోల్టులతో ఇంజనుకు బిగించి ఉంటుంది. ఆ ఆరు బోల్టుల మీద ఒక మనిషి ప్రాణం, ఇంకొక మనిషి పరువు ఎలా వేలాడాయో చెప్తాను. తప్పు చేసింది నేనే కాబట్టి ఇందులో ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. అయినా కొందరిని తిడతాను.

మా షెడ్డు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే నల్లరేగడి చేల మధ్య ఉండేది. ఎర్రమట్టి తోలి చదును చేసిన ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, అందులో ఒకే ఒక మోటారు గ్లైడర్. పొడుగాటి రెక్కలున్న చిన్న విమానం అది. ఇద్దరు కూర్చోవచ్చు. ఇంజనుతో పైకి లేస్తుంది. పైకి పోయాక ఇంజను ఆపేసినా గద్దలాగా గాలి మీద తేలుతుంది. మిలటరీలో విమానాలు నడిపి రిటైరైన నంద్యాల పెద్దాయన దాన్ని పెట్టుకొని, నేర్చుకోవాలని వచ్చేవాళ్లకు ఎగరడం నేర్పేవారు. ఆయన్ను పెద్దసారు అనేవాళ్లం.

మెకానిక్కు ఆత్మకూరు మనిషి. చేతిలో పని ఉన్నవాడు, నోట్లో మంచిమాట లేనివాడు. లైసెన్సున్న ఇంజనీరు బెంగళూరు నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చి, పెద్ద పుస్తకంలో ఇంగ్లీషులో రాసి సంతకాలు పెట్టి పోయేవాడు. రోజువారీ పనంతా మెకానిక్కుదే. ఏ పూట ఏం చూశాడో, ఏది బిగించాడో షెడ్డు పుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు. నేను చేరింది ఊడ్చే పనికి. ఊడుస్తూ ఊడుస్తూ పానాలు అందించడం, ప్లగ్గులు తోమడం, కార్బురేటర్ విప్పితే ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడం వచ్చింది. అక్షరం ముక్క మాత్రం రాలేదు. అంకెలు తెలుసు, అవి పానా మీద ఉంటాయి కాబట్టి.

ఆ ఇంజను గురించి ఒక మాట చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. మేమిద్దరమే ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకునేది. పెద్దసారు శుభ్రంగా షూ వేసుకొని వచ్చి కూర్చుంటే మొరాయించేది. రేగడి దుమ్ము ఎక్కడెక్కడి నుంచో పోయి కార్బురేటర్‌లో కూర్చునేది. ఒక్కోసారి ఎందుకు ఆగిందో మాకు తెలిసేది కాదు, ఎందుకు మళ్లీ నడిచిందో అసలే తెలిసేది కాదు. "నాకు ఇద్దరు కూతుర్లు మే, ఇద్దరినీ కలిపినా ఇంత సతాయించలేదు" అనేవాడు మెకానిక్కు.

ఆళ్లగడ్డ అనగానే అందరికీ రాతిబొమ్మలు చెక్కేవాళ్లు గుర్తొస్తారు. ఆ పక్కనే ఒక పల్లెలో మా నాయన చెక్కపని చేసేవాడు. ఎద్దులబండి చక్రాలు చేయడంలో ఆయన చేతికి పేరుండేది. ఎండాకాలం వస్తే చక్రం చెక్క ఎండి సన్నబడుతుంది. పైన ఉన్న ఇనుప పట్టా వదులై గలగలమంటుంది. అప్పుడు రైతులు చక్రాలను వంకలోకి దించో, తడి గోనెపట్టలు చుట్టో నానబెట్టేవాళ్లు. చెక్క ఉబ్బి పట్టా బిగుసుకునేది. నా చిన్నతనమంతా ఆ గోనెపట్టల మీద నీళ్లు పోసే పని నాదే. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నందుకే ఇదంతా జరిగింది.

ఆ ఏడు ఎండలు మరీ దారుణంగా ఉన్నాయి. పెద్దసారు ఒంట్లో బాగాలేక నెలకు పైగా రాలేదు. గ్లైడర్ షెడ్డులోనే ఉండిపోయింది. రోజూ దుమ్ము తుడిచేటప్పుడు ప్రొపెల్లర్ నడిమి భాగం మీద చెయ్యి వేసేదాన్ని. ముందున్న ఇనుప ప్లేటుకూ చెక్కకూ మధ్య ఒకనాడు నా గోరు తగిలింది. అంతకుముందు అక్కడ గోరు పట్టే సందు లేదు. మెకానిక్కును పిలిచాను.

"అన్నా, చెక్క ఎండిపోయింది. బోల్టులు ఒకసారి చూడు."

"ఎందుకు చూడాల? పుస్తకంలో ఏముండాది? ఇన్ని గంటలు ఎగిరినాక చూడమనుండాది. ఇది ఎగిరి నెలాయ."

"చెక్క గంటలు లెక్కబెట్టదన్నా. ఎండలు లెక్కబెడుతుంది."

"ఓహో. నువ్వు ఎప్పుడైతివిమే ఇంజనీరు?"

"ఇంజనీరైతే నీ మాదిరి నీడన కూర్చుని టీ తాగేదాన్ని. ఊరికే చూడన్నా, నీ చెయ్యేమన్నా అరిగిపోతుందా?"

"మా అక్క కూతురి పెండ్లికి పోతాండా. రెండు దినాల్లో వస్తా. వచ్చినాక చూస్తాలే, పో."

పోయాడు. అదే సాయంత్రం పెద్దసారు ఫోన్ చేశారు. ఆరోగ్యం కుదుటపడిందట, ఈ వారంలోనే వచ్చి ఎగురుతారట. నాకు గుబులు పట్టుకుంది. మెకానిక్కు మరిచిపోతే? "గంటలు కాలేదు" అని మళ్లీ కొట్టిపారేస్తే? నేను పానా పట్టి బిగించకూడదు, ఆ అధికారం నాకు లేదు. మరి నా చేతిలో ఏముంది? నీళ్లున్నాయి, గోనెపట్టలున్నాయి.

రెండు గోనెపట్టలు తడిపి ప్రొపెల్లర్ నడిమి భాగానికి చుట్టాను. రెండు రోజులు పూటపూటా నీళ్లు చల్లాను. దాని రెక్కలు నిలువుగా ఉంటే తేమ కిందిదాంట్లోకి దిగి ఒకవైపు బరువెక్కుతుందని, రెండూ నేలకు సమంగా పడుకున్నట్టు పెట్టాను. ఇంత తెలివి ఉన్నదాన్ని, మిగతా తెలివి ఎక్కడ పారేసుకున్నానో. మూడోనాడు తెల్లవారగానే పట్టలు విప్పి, గుడ్డతో తుడిచి, ఏమీ ఎరగనట్టు చీపురు పట్టుకున్నాను. ప్లేటు దగ్గర గోరు పెట్టి చూస్తే సందు లేదు.

మెకానిక్కు వచ్చాడు. నా పోరు పడలేకే కావచ్చు, బోల్టులు వాటంతటవి తిరగకుండా కట్టిన తీగ కత్తిరించి పానా పెట్టాడు. ఎంత బిగువు కావాలో అంత పెట్టుకుంటే, ఆ బిగువు అందగానే టిక్కుమనే పానా అది. మొదటిది టిక్కుమంది. ఇసుమంత కూడా తిరగలేదు. రెండోదీ అంతే. ఆరూ అంతే.

"చూస్తివా? ఒక్కటైనా కదిలిందా? ఇది మీ నాయన బండి కాదుమే, విమానం!"

నాకు లోపల ఎంత సంతోషం! బోల్టులు బిగుసుకున్నందుకు కాదు. ఆయనకు తెలియని సంగతి నాకు తెలిసినందుకు. నీ టిక్కులన్నీ నా గోనెపట్టలవి అప్పా, అనుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే, తిట్టి ఊరుకునేవాడు. చెప్పలేదు. ఎప్పుడో టీ తాగేటప్పుడు చెప్పి ఆయన మొహం చూడాలనుకున్నాను. ఆయన మళ్లీ తీగ కట్టి, షెడ్డు పుస్తకంలో "ఆరు బోల్టులు చూసినాను, బిగువు సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాడు.

పెద్దసారు వచ్చింది ఇంకో మూడు రోజులకు. ఆ మూడు రోజులూ పడమటి నుంచి వడగాలి. షెడ్డులో ఇనుప సామాను ముట్టుకుంటే చెయ్యి కాలింది. నేను గోరు పెట్టి చూడలేదు. సరిచేశానని నమ్మినదాన్ని ఇంకెవరు తిరిగి చూస్తారు?

పొద్దున్నే లేచింది గ్లైడర్. గోస్పాడు వైపు తిరిగి ఒక చుట్టు చుట్టి వస్తూంది. నేను గడప దగ్గర నిలబడి వింటున్నాను. ఇంజను శబ్దంలో ఏదో తేడా. నున్నగా పోయే మోత ఉన్నట్టుండి దడదడమని, రాళ్ల మీద పోయే బండిలాగా వినిపించింది. ఆ చప్పుడు నేను చిన్నప్పుడు విన్నదే. పట్టా వదులైన చక్రం చప్పుడు. 

తర్వాత శబ్దమే ఆగిపోయింది.

"ఆపేసినాడు! ఇంజను ఆపేసినాడు! రానీ, రానీ, రానీ..." అంటూ మెకానిక్కు రన్‌వే మీదికి పరిగెత్తాడు. వేరే ఏ విమానమైనా ఇంజను ఆగితే ఇక అంతే. ఇది తేలింది. చప్పుడు లేకుండా, మెల్లగా కిందికి దిగుతూ మా వైపే వచ్చింది. రన్‌వే దాకా అందలేదు. ముందున్న శనగచేను బీడులో, నెర్రెలిచ్చిన రేగడి మీద దిగి, ఎగిరెగిరి పడి, చక్రం ఒకటి విరిగి పక్కకు వాలింది.

మేం పోయేసరికి పెద్దసారు గట్టు మీద కూర్చుని ఉన్నారు. పెదవి చీరుకొని రక్తం కారుతోంది. "ముందరంతా ఊగిపోతాంటే ఆపేసినా. ఇంకో నిమిషం నడిపింటే ఇంజనే ఊడి వచ్చేది" అన్నారు, ఎవరి మీదా కోపం లేకుండా. అది ఇంకా కష్టంగా ఉండింది.

మెకానిక్కు తీగ తీసి, బోల్టు మీద వేలు పెట్టాడు. పానా కాదు, వేలు. తిరిగింది. ఆరూ తిరిగాయి. ప్లేటు కింద చెక్క మీద రాపిడికి కాలిన నల్లటి వలయం కనిపించింది.

"నేను చూసినా సార్" అన్నాడాయన. "మూడు దినాల కింద నా చేతుల్తో చూసినా. టిక్కుమన్యాయి సార్."

అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. 

రెండు రోజుల తర్వాత బెంగళూరు ఇంజనీరు వచ్చాడు. నా కొడుకు వయసు ఉంటుంది. చెక్క చూశాడు, షెడ్డు పుస్తకం చూశాడు, మెకానిక్కును చూశాడు. "చూడకుండానే రాశావు" అన్నాడు.

మా పనిలో దీన్ని మించిన తిట్టు లేదు. దొంగ అన్నా పడొచ్చు, తాగుబోతు అన్నా పడొచ్చు. చూడకుండా రాశావు అంటే, నీ సంతకాన్ని నమ్మి ఎక్కిన మనిషిని నువ్వే చంపబోయావని అర్థం. ఎప్పుడూ దేనికో ఒకదానికి ఎదురుచెప్పే మనిషి ఆ రోజు పానాను గుడ్డతో తుడిచి, పెట్టెలో దాని గూట్లో పెట్టి, పెట్టె మూశాడు.

ఆ మూత చప్పుడుకు నా నోరు తెరుచుకుంది.

"ఆయన చూసినాడు సార్. నేను పక్కనే ఉన్నా. చెక్కను తడిపింది నేను." మొత్తం చెప్పాను. చక్రాలు, గోనెపట్టలు, నీళ్లు.

ఇంజనీరు ఓపికగా విని, నవ్వాడు. "అమ్మా, ఇది ఎద్దులబండి కాదు. వార్నిష్ ఉంటుంది. ఇతన్ని కాపాడాలని మీరు చెప్తున్నారు, మీ మంచితనం నాకు అర్థమైంది."

నా మంచితనమట! తప్పు చేసినానయ్యా అంటే నమ్మడు. జీవితంలో ఒప్పుకోవడానికి అంత కష్టపడింది ఆ ఒక్కసారే. దాన్ని కూడా నా చేతిలో నుంచి లాక్కొని మంచితనం ఖాతాలో వేశాడు. "బోల్టు బొక్కల లోపల వార్నిష్ యాడుండాది సార్? పాతది, అరిగిపోయింది, మీరే చూడండి" అన్నాను. ఆయన అప్పటికే ఫోన్‌లో ఏదో రాసుకుంటున్నాడు.

మెకానిక్కు మాత్రం నన్నే చూస్తున్నాడు. "గోనెపట్టలా?" అన్నాడు. "నిజంగానే గోనెపట్టలు చుట్టినావామే?"

"చుట్టినా అన్నా."

"థూ" అన్నాడు. అంతే. సంచి తీసుకొని ఆత్మకూరు బస్సెక్కిపోయాడు.

నన్ను నమ్మింది పెద్దసారు ఒక్కరే. ఆయన కూడా బండ్లు చూసి పెరిగిన మనిషే. కొస విరిగిన పాత ప్రొపెల్లర్ ఒకటి షెడ్డులో మూలన ఉండేది. దాన్ని రెండు ప్లేట్ల మధ్య ఆరు బోల్టులతో బిగింపించి, "ఏం చేస్తివో అదే మళ్లీ చెయ్" అన్నారు. రెండు రోజులు గోనెపట్టలు చుట్టాను. విప్పి ఆయనే పానా పెడితే ఆరూ టిక్కుమన్నాయి, ఏదీ కదలకుండా. మూడు రోజులు వడగాలికి వదిలేసి మళ్లీ పెడితే, ప్రతి బోల్టూ బాగా తిరిగాక గానీ టిక్కుమనలేదు. తడపకముందు కన్నా వదులు!

"ఎందుకట్లయింది?" అన్నారు సారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అరవై మంది రైతులకు మా నాయన అరవై సార్లు చెప్పిన మాట. నానబెట్టడం తిరునాళ్లకు పోయి రావడానికే పనికొస్తుంది, బాగుచేయడానికి కాదు. ఉబ్బిన చెక్క ఇనుము కింద నలుగుతుంది. ఆరినాక ముందుకన్నా సన్నబడుతుంది. బాగుచేయాలంటే పట్టా ఊడదీసి మళ్లీ వెయ్యాల్సిందే. ఈ మాట చెప్పేటప్పుడల్లా నేను నీళ్ల కుండతో ఆయన పక్కనే ఉన్నాను. నీళ్లు గుర్తున్నాయి, మాట గుర్తులేదు. సగం విద్య మోసుకొచ్చి విమానానికి చుట్టాను.

పెద్దసారు అదంతా వీడియో తీసి ఇంజనీరుకు పంపారు. ఈసారి ఆయన నవ్వలేదు. కానీ మెకానిక్కు మీద రిపోర్టు అప్పటికే పై ఆఫీసుకు పోయింది. అది మారాలంటే నా మాట కాగితం మీద ఉండాలన్నాడు. "రాయించి వేలిముద్ర వేయిస్తాం" అన్నారు సారు. కుదరదన్నాడు. మెకానిక్కే రాసి, ఊడ్చే ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడంటారట. "ఆమె సొంత చేత్తో రాయాలి సార్."

ఆయన మీద పళ్లు నూరాను గానీ, అందులో తప్పేముంది? చూడకుండా రాస్తే ఎలా తప్పో, రాసింది చదవలేకుండా వేలు ఒత్తడమూ అంతే తప్పు.

అలా నలభై ఎనిమిదేళ్లకు పలక పట్టాను. మా చర్చి పాస్టరమ్మ బడిలో టీచరు. సాయంత్రం నాలుగున్నరకు ఆమె ఇంటికి రాగానే నేను అరుగు మీద కూర్చుని ఉండేదాన్ని.

"ముందు అ ఆ లు" అన్నదామె.

"అవన్నీ ఎందుకమ్మా? నాకు గోనెపట్ట కావాల. బోల్టు కావాల. మెకానిక్కు కావాల. తొందరగా నేర్పిచ్చండి, ఆడ ఒకాయన ఇంట్లో కూర్చున్నాడు."

"అ రాకుండా గోనెపట్ట ఎట్లొస్తాది? గమ్మున దిద్దు."

చిన్నపిల్లలకు ఈ చదువు చెప్పేవాళ్లకు దండం పెట్టాలి. చీపురు పట్టి పట్టి గట్టిపడ్డ వేళ్లకు బలపం నిలవదు. ఇవాళ వచ్చిన అక్షరం రేపటికి మొహం తిప్పుకుంటుంది. ఆ ఇంజనే నయమనిపించింది. అయినా రోజూ పోయాను. మధ్యలో ఒకసారి మెకానిక్కు భార్య ఫోన్ చేసి, ఆయన బోరు మోటార్లు బాగుచేస్తున్నాడనీ, ఎవరైనా "విమానాల పనెందుకు మానేస్తివి" అంటే ఇంట్లోకి పోయి తలుపేసుకుంటున్నాడనీ చెప్పింది. ఆ వారంలో ఒత్తులన్నీ నేర్చుకున్నాను.

వాక్యాలు వచ్చేసరికి మళ్లీ శనగ విత్తే రోజులు వచ్చాయి. పాస్టరమ్మ నా కాగితం చదివి, "తెలియక చేశాను అని ఒక మాట కలుపు. మర్యాదగా ఉంటాది" అన్నది.

"తెలియక కాదమ్మా. సగం తెలిసి చేసినా."

"అయితే అదే రాయి."

రాశాను. "ప్రొపెల్లర్‌కు తడి గోనెపట్టలు రెండు చుట్టింది నేను. రెండు దినాలు నీళ్లు చల్లినాను. సగం తెలిసి చేసినాను. ఎవరికీ చెప్పలేదు. మెకానిక్కు ఆరు బోల్టులూ చూసినాకనే రాసినాడు. నేను పక్కన ఉన్నాను." కింద నా పేరు. నా చేత్తో నేను రాసిన మొట్టమొదటి కాగితం అదే.

పెద్దసారుకు ఇచ్చే ముందు ఆత్మకూరు పోయి మెకానిక్కు చేతిలో పెట్టాను. గడపలో నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు.

"దీనికి ఇన్ని నెలలా?" అన్నాడు.

"నీకేం, చిన్నప్పుడే నేర్చుకుంటివి."

"ఆ పొద్దే చెప్పింటే నాలుగు తిట్లతో పోయేది."

"పోయేది."

"లోపలికి రా. టీ తాగు."

రిపోర్టు మారడానికి ఇంకో నెల పట్టింది. ఆయన తిరిగి వచ్చాడు. కొత్త ప్రొపెల్లర్ వచ్చింది. ఎండాకాలంలో గంటలతో పని లేకుండా వారానికొకసారి బోల్టులు చూడాలని పెద్దసారు రూలు పెట్టారు. ఇంజనీరును ఒప్పించి, నాకు పానా పట్టే అనుమతి కూడా ఇప్పించారు, మెకానిక్కు ఎదురుగా ఉండాలన్న షరతు మీద.

నేను మొదటిసారి ఆరు బోల్టులూ చూసి, షెడ్డు పుస్తకం తీసి, వంకరటింకర అక్షరాలతో "ఆరు బోల్టులు చూసినాను" అని రాసి సంతకం పెట్టాను. మెకానిక్కు ఆ పేజీని, తర్వాత నన్ను చూశాడు.

"చూసే రాసినావా?"

నాకు చిర్రెత్తింది. అంతసేపూ ఆయన నా ఎదురుగానే ఉన్నాడు. ఆరు టిక్కులూ ఆయన చెవినపడ్డాయి. పానా తీసి ఆయన చేతిలో పెట్టి, చీపురు అందుకున్నాను. నా వెనక టిక్కులు ఒక్కొక్కటిగా లెక్కబెట్టాను. ఆరు వినిపించాకే ఊడ్వడం మొదలుపెట్టాను.